వెనక గోడ దగ్గర చైర్మన్‌గారు

వదినగారికి,

బేకరీ నుంచి మీ అల్లుడి తల్లి నమస్కరించి రాస్తున్నది. ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ మీ ఏనుగుల ఆఫీసు గుమ్మం మీద "ఫిర్యాదులు రాతపూర్వకంగానే" అని బోర్డు పెట్టించింది మీరేనట. వియ్యపురాలిని కాబట్టి రూలు తప్పిస్తారేమో అనుకోవడానికి నేను మిమ్మల్ని నిన్న మొన్న చూసినదాన్ని కాదు. అందుకే రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, రోజూ పొద్దు వాలేసరికి మా బేకరీ వెనక గోడ దగ్గరికి ఒక ఏనుగు వస్తోంది. వీధిలో వాళ్లు దానికి చైర్మన్ అని పేరు పెట్టారు. పిలవకుండా వస్తారు, మెల్లగా నడుస్తారు, అందరూ పక్కకు తప్పుకోవాలి, కడుపు నిండా తిని వెళతారు, ఎవరూ ఏమీ అడగకూడదు. పేరు బాగానే కుదిరింది.

ఇన్నాళ్లూ ఆయన గోడ అవతల నిలబడి ఏదో నములుకుని వెళ్లిపోయేవారు. గడ్డి కాబోలు అనుకున్నాను. నిన్న మాత్రం గోడ మీదుగా తొండం చాపి, షెడ్డు రేకు పీకి, చల్లారబెట్టిన బన్నుల ట్రే మొత్తం ఊడ్చేశారు. ఖాళీ ట్రేను తీసుకొచ్చి బోర్లించి మరీ వెళ్లారు. మర్యాద తెలిసినవారే. కానీ వదినగారూ, మర్యాదతో నా షాపు నడవదు. మీ అన్నయ్యగారు పోయాక ఈ ఓవెన్ ఒక్కదాన్ని నమ్ముకుని పిల్లాణ్ణి పెంచి పెద్దచేశాను. దీని మీద చెయ్యి పడితే, అది తొండమైనా సరే, నేను ఊరుకోలేను.

దయచేసి ఆయన్ని ఎక్కడికైనా బదిలీ చెయ్యండి. ఆఫీసర్లనే చేస్తారు కదా, చైర్మన్‌ను చెయ్యలేరా?

ఇట్లు,
మీ వదిన

తా.క.: మీ అమ్మాయి కులాసా. పిండి కలపడం నేర్చుకుంటానని పట్టుబట్టింది. నేను వెనకే నిలబడి దగ్గరుండి నేర్పుతున్నాను. రోజుకో ముద్ద కలుపుతోంది. నానాక పొంగిందో లేదో మాత్రం ఇంకా నాకు చూపించలేదు, బాగా కుదిరిన రోజున చూపిస్తుందట.

*

బేకరీ యజమానురాలు, వదినగారికి,

మీ ఫిర్యాదు అందినది. పరిశీలించడమైనది.

ఏనుగును బదిలీ చెయ్యడం కుదరదు. మీ గోడ వెనక ఉన్న సందు దాని పాత దారి. అది ఊళ్లోకి రాలేదు, ఊరే పెరిగి పెరిగి దాని దారి మీదికి వెళ్లింది. మీ వీధి మొత్తం మొన్నటిదాకా మ్యాపులో పచ్చ రంగులో ఉండేది.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మనుషుల తిండి రుచి మరిగిన ఏనుగు మెల్లగా తలుపులు, ఆ తరవాత గోడలు పడగొడుతుంది. అడ్డం వచ్చిన మనిషిని తోసేస్తుంది. అప్పుడు దాన్ని పట్టి గొలుసు వెయ్యక తప్పదు. అంతదాకా రాకుండా, ఏనుగును అలా రప్పిస్తున్న షాపును మూయించాలని మా రూలు. ఆ ఉత్తర్వు మీద సంతకం నాదే ఉంటుంది. మా అమ్మాయి అత్తగారి బేకరీ అని నేను వదిలేస్తే రేపు ఊళ్లో ఇంకెవరిని ఏమనగలను?

ప్రస్తుతానికి తేనెటీగల పెట్టెలు పంపుతున్నాను. గోడ పొడవునా తీగకు తగిలించండి. ఏనుగులకు తేనెటీగలంటే హడల్. మా కరపత్రం కూడా జత చేశాను: ఏనుగు ఎదురైతే అరవకండి, పరిగెత్తకండి, వీపు చూపించకండి. తిండి చెత్త గోడ అవతల పారెయ్యకండి.

ఇట్లు,
అధికారి, పట్టణ ఏనుగుల విభాగం
(మీ వదిన)

తా.క.: పెళ్లి ఆల్బం వచ్చింది, వేరే కవరులో పంపాను. అన్నట్టు, చిన్నప్పటి నుంచీ మా అమ్మాయికి ఎవరైనా వెనక నిలబడి చూస్తుంటే చెయ్యి ఆడదు. చెబుదామనుకుంటూనే మరిచిపోయాను.

*

వదినగారికి,

వాచిన చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మీ తేనెటీగలను అడగండి.

పెట్టెలు తగిలించిన పూటే అవి ఉద్యోగంలో చేరాయి. గోడ కాపలా ఉద్యోగంలో కాదు, నా చక్కెర పాకం ఉద్యోగంలో. పాకం గిన్నె మీద ఒక బెటాలియను, కౌంటరు మీద ఇంకో బెటాలియను. రొట్టె కోసం వచ్చిన పళ్ల డాక్టరుగారి పెదవి మీద కుట్టాయి. ఇప్పుడు ఆయన దగ్గరికొచ్చే పేషెంట్లు ఆయన్ని చూసి, "మీరే ముందు కూర్చోండి సార్" అంటున్నారట. చైర్మన్‌గారు మాత్రం వచ్చి, పెట్టెల వంక చూసి, కాస్త పక్కకు జరిగి, పెట్టెలు లేని చోట నిలబడి తన నమలడం తాను నమిలారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో అప్పడాల కర్ర అలాగే పట్టుకుని వెనక గుమ్మంలోకి వెళ్లి నోటికొచ్చినట్టు కడిగేశాను. ఏం తిట్టానో నాకే గుర్తు లేదు. చైర్మన్‌గారు రెండు చెవులూ విప్పి కాసేపు విన్నారు. తరవాత నిమ్మళంగా వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. పెళ్లయిన కొత్తలో మావారు కూడా అచ్చం అలాగే వెళ్లిపోయేవారు.

కాబట్టి అరవకండి అన్న మీ కరపత్రం మార్చుకోండి. ఇక తిండి చెత్త సంగతి. నా బేకరీలో చెత్త అనేది పుట్టదు. నిన్నటి రొట్టె ఇవాళ రస్కు అవుతుంది. ఆ మాట మీరు కరపత్రంలో అన్నారు కాబట్టి సరిపోయింది, ఎదురుగా అని ఉంటే ఇంకోలా ఉండేది.

ఇట్లు,
వాచిన వదిన

తా.క.: ఆల్బం అందింది. అందరూ కలిసి దిగిన ఫొటోలో నా చెవి పడింది. చెవి ఒక్కటే. కమ్మ మాత్రం చాలా స్పష్టంగా ఉంది, సంతోషం.

*

వదినగారికి,

చేతికి ఐసు పెట్టండి. తేనెటీగలను వెనక్కి పిలిపించాను. పళ్ల డాక్టరుగారికి ఆఫీసు తరఫున క్షమాపణ పంపాను.

మీరు రాసిన తిట్ల సంగతి మా ఆఫీసులో అందరూ చదివారు. తప్పుగా అనుకోకండి, ఫిర్యాదు కాబట్టి ఫైలులో పెట్టక తప్పదు. మనుషుల గొంతుల్లో తేడాలను ఏనుగులు బాగా పసిగడతాయి. ఏ గొంతుకి తప్పుకోవాలో వాటికి తెలుసు. మీ గొంతుకి చైర్మన్ తప్పుకున్నదంటే అది చిన్న విషయం కాదు. రికార్డింగు మిషన్ ఇచ్చి మా టెక్నీషియన్‌ను పంపుతున్నాను. ఆ రోజు ఎలా తిట్టారో అలాగే తిట్టండి. దాన్ని స్పీకరులో పెట్టి మీ గోడకు బిగిస్తాం. రోజూ ఆ వేళకి అదే మోగుతుంది, మీకు గొంతు నొప్పి ఉండదు.

ఇది ఫలిస్తే షాపు మూసే మాటే రాదు. నాకు కూడా ఆ సంతకం పెట్టడం ఇష్టం లేదని మీరు నమ్మాలి.

ఇట్లు,
మీ వదిన

తా.క.: ఫొటో తీసినవాడి తప్పు అది. నా తప్పు కాదు. నేను మధ్యలో ఉన్నాను కాబట్టి అంచుల్లో ఏం జరిగిందో నాకు తెలియదు.

*

వదినగారికి,

శుభవార్త! చైర్మన్‌గారు మా గోడ వైపు రావడం మానేశారు.

మీ టెక్నీషియన్ మంచివాడు. మొదట మైకు ముందు నిలబడితే నా నోట్లోంచి "గౌరవనీయులైన", "దయచేసి" లాంటి మాటలు తప్ప ఏవీ రాలేదు. ఏనుగు ఎదురుగా లేనప్పుడు ఏనుగును ఎలా తిడతారు? పాపం అతనే ఉపాయం చెప్పాడు, "అమ్మా, మీకు బాగా కోపం తెప్పించినవాళ్లని ఎవరినైనా తలుచుకోండి" అని. ఆ తరవాత ఇక తడుముకోలేదు. నేను ఆపలేదు, మిషనే నిండిపోయి ఆగింది.

స్పీకరు బిగించిన రోజు నుంచి ఒక్క బన్ను పోలేదు, ఒక్క రేకు కదల్లేదు. మావాడు వ్యాన్ నిండా సరుకు వేసుకుని ఈల వేసుకుంటూ వెళుతున్నాడు. మీ అమ్మాయి ఒక్కతే ఆ స్పీకరు మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. ముద్ద కలపడం కూడా మానేసింది, కౌంటరు చూసుకుంటానంటోంది. అలవాటవుతుంది లెండి.

మీకు ఎంత రుణపడ్డానో మాటల్లో చెప్పలేను.

ఇట్లు,
మీ వదిన

తా.క.: తనిఖీకి మీరు స్వయంగా రానక్కర్లేదు. ఇంత చిన్న పనికి మీ స్థాయి మనిషి రావడం ఏం బాగుంటుంది? ఎవరినైనా కాస్త చెవుడున్న వాళ్లని పంపండి.

*

బేకరీ యజమానురాలికి,

పోయిన వారం ఒక సాయంత్రం మీ వీధికి తనిఖీ నిమిత్తం రావడమైనది. మీ గోడ ఎదుట వీధి జనం సగం మంది స్టూళ్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. పళ్ల డాక్టరుగారు ముందు వరసలో ఉన్నారు.

"కుర్చీలో కూర్చుని కుర్చీ అరగదీయడం తప్ప నీకేం చేతనవును" అన్నది మొదటి వాక్యం. ఏనుగుకు కుర్చీ లేదు. "ఫొటోలో నన్ను చెవి దగ్గర కత్తిరించి పారేశావు" అన్నది రెండోది. మీరూ ఏనుగూ కలిసి ఫొటో దిగినట్టు మా రికార్డుల్లో ఎక్కడా లేదు. "పిల్లకి పిండి కలపడం కూడా నేర్పకుండా పంపావు, అది ముట్టుకున్న పిండి గోడ అవతల పారెయ్యడానికి తప్ప ఎందుకూ కొరగాదు" అన్న తరవాత ఇంక అనుమానం మిగల్లేదు.

మీ గొంతు ఫలితం చూసి, ఈ రికార్డింగును ఊరి అంచున ఉన్న వీధులన్నిటిలో పెట్టమని పెద్దాఫీసు నుంచి ఆదేశం వచ్చింది. ఆ వీధుల్లో మాదీ ఒకటి. అమలు ఉత్తర్వు మీద సంతకం పెట్టవలసింది నేనే.

పెట్టాను.

అధికారి, పట్టణ ఏనుగుల విభాగం

తా.క.: మావారు రోజూ ఆ వేళకి కాఫీ కలుపుకుని కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. నిన్న ఒక వాక్యం దగ్గర ఆయన తల ఊపడం నా కళ్లతో చూశాను.

*

వదినగారికి,

మీరు నన్ను యజమానురాలు అన్నా సరే, నేను మిమ్మల్ని వదిన అనే అంటాను.

సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను. ఆ మాటలు నావే, కాదనను. కానీ అవి మనసులోవి కావు, నోట్లోవి. నా నోటికీ మనసుకీ మధ్య తలుపు లేదని మావారు అనేవారు. మీ మనసు కష్టపెట్టాను, క్షమించండి.

టెక్నీషియన్‌ను బతిమాలి మా గోడ మీది తిట్లు తీయించేసి కొత్తగా చెప్పాను. "మా కోడలు బంగారం. వాళ్లమ్మ నిప్పులాంటి ఆఫీసరు. పిల్ల చేతి పిండి వెన్న. చైర్మన్‌గారూ, మీకు పుణ్యముంటుంది, మీ దారిన మీరు వెళ్లండి" అని. జనం స్టూళ్లు తీసుకుని వెళ్లిపోయారు. మీ అమ్మాయి మొహం మాత్రం చేటంత అయింది. మళ్లీ ముద్ద కలపడం మొదలుపెట్టింది, కూనిరాగం కూడా తీస్తోంది.

కానీ వదినగారూ, చైర్మన్‌గారు తిరిగొచ్చేశారు. మొన్న నమిలి వెళ్లారు. నిన్న గోడకు భుజం ఆనించారు. గోడ బీటలిచ్చింది, షెడ్డు కూలింది, ఓవెన్ పొగగొట్టం వంగిపోయింది. ఆ పక్కనే మావాడు ట్రేలు సర్దుతున్నాడు. వాడు అటు కాకుండా ఇటు నిలబడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఒళ్లు చల్లబడుతోంది.

మీ రూలు నాకు గుర్తుంది. అయినా అడుగుతున్నాను, షాపు మూయించకండి. ఈ ఓవెన్ ఆరిపోతే తెల్లారి లేచి నేనేం చెయ్యాలో నాకు తెలియదు.

ఇట్లు,
మీ వదిన

తా.క.: మెత్తగా చెబితే ఎవరూ వినరని తేలిపోయింది. కావాలంటే మళ్లీ తిడతాను. ఈసారి మిమ్మల్ని కాదు, అన్నయ్యగారిని తిడతాను.

*

వదినగారికి,

అబ్బాయికి దెబ్బ తగల్లేదు కదా? అది ముందు రాయాలి మీరు, పొగగొట్టం తరవాత కాదు.

మూసివేత ఉత్తర్వు టైపు అయి నా టేబులు మీద ఉంది. సోమవారం సంతకం పెట్టాలి. మూడు సార్లు పెన్ను తీసి మూడు సార్లూ మూత పెట్టేశాను.

ఈలోగా ఒక వింత చూశాను. నిన్న సాయంత్రం మా వీధి చివర మీ పాత తిట్లు మోగుతున్నాయి. చైర్మన్ అక్కడే ఉంది. భయం సంగతి దేవుడెరుగు, ఆ స్పీకరు స్తంభానికే వీపు రుద్దుకుంటోంది. చెవులు ఆడిస్తూ హాయిగా కళ్లు మూసుకుంది. దానికి మీ తిట్లంటే భయం లేదు వదినగారూ. ఆ రోజు మీ గుమ్మం ముందు నుంచి వెళ్లిపోయిందంటే, తినడం అయిపోయి వెళ్లిందన్నమాట.

మరి మా వీధిలో అది ఒక్క ఇంటినీ ఎందుకు ముట్టుకోలేదు? అప్పుడు ఏనుగును వదిలేసి మనుషుల్ని చూశాను. "నీకేం చేతనవును" అని మీరు అనగానే మా పక్కింటి లాయరు బయటికొచ్చి చెత్తడబ్బా లోపలికి లాక్కున్నారు. "గోడ అవతల పారెయ్యడానికి" అన్నచోట ఎదురింటావిడ ముగ్గిన పళ్ల బుట్టను గబగబా ఇంట్లోకి చేర్చింది. ఆ మాటలు తమనే అంటున్నట్టు ఎవరికి వారికి తగులుతున్నాయి. చైర్మన్ వీధంతా వాసన చూసింది, ఏమీ దొరక్క దాని దారిన అది పోయింది. మీ గొంతు పనిచేసేది మనుషుల మీద.

అయితే మీ బేకరీలో ఆ గొంతు ఎవరి మీద పనిచేసింది? చెత్త పుట్టదంటారు, నమ్ముతాను. కానీ చైర్మన్ రోజూ అక్కడ ఏం నమిలింది? ఒక్కసారి మీరే గోడ అవతలికి వెళ్లి చూసి రండి, వెలుతురు ఉండగా, జాగ్రత్తగా. నా సంతకం ఆపగలిగేది ఏదైనా ఉంటే అక్కడే ఉంటుంది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: మావారిని తిట్టే రికార్డింగు గురించి పెద్దాఫీసుకు రాయమంటారా?

*

వదినా,

"గారు" ఈసారి రాయలేదు. చదివాక మీకే తెలుస్తుంది.

మీరు చెప్పినట్టే వెనక సందులోకి వెళ్లాను. ఎండ ఇంకా ఉంది. గోడ వెంట గడ్డి అంతా తొక్కి చదునైపోయి ఉంది. గోడ వారగా ఎండిపోయిన తెల్లటి అట్టలు కనిపించాయి. వంగి చూస్తే మైదా. నా బేకరీ మైదా గోడ అవతల!

ఇంతలో పైనుంచి ధబ్బుమని ఏదో వచ్చి నా భుజం మీద పడింది. పిండి ముద్ద. ఆ వెంటనే గోడ లోపలి నుంచి, మెల్లగా, ముద్దుగా, "తినెయ్యి చైర్మన్, తొందరగా తినెయ్యి. అత్తయ్య వచ్చేస్తుంది" అని.

మీ అమ్మాయి గొంతు.

అరుద్దామని నోరు తెరిచి తల తిప్పాను. సందు మలుపులో చైర్మన్‌గారు నిలబడి ఉన్నారు. ఆయన వాటా నా భుజం మీద ఉంది. ఆయన దాన్నే చూస్తున్నారు. నా జన్మలో మొదటిసారి తెరిచిన నోరు మూసుకున్నాను. మీ కరపత్రం గుర్తుకొచ్చింది: అరవకండి, పరిగెత్తకండి, వీపు చూపించకండి. ముద్దను మెల్లగా తీసి కింద పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ సందు దాటాను. కరపత్రం మార్చుకోమని రాశాను కదా, మార్చకండి.

లోపలికి వచ్చేసరికి పిల్ల గోడ దగ్గర ఖాళీ గిన్నెతో నిలబడి ఉంది. నా భుజం మీది మైదా చూడగానే ఏడుపు అందుకుంది. నేను వెనక నిలబడితే దానికి చెయ్యి ఆడక, ఉప్పు వేసిందో లేదో గుర్తుండక రెండేసి సార్లు వేసేస్తుందట. ముద్ద చెడిపోతే నాకు చూపించడానికి భయపడి గోడ అవతల విసిరేస్తోంది. ఏనుగుకు ఉప్పంటే ప్రాణం. ఒక ఏనుగు రోజూ వచ్చి తినేస్తుంటే, పారేసినట్టు కాదులే, పెట్టినట్టే అనుకుందట. పిల్ల చేతి వంటను మెచ్చుకున్నది ఈ ఇంట్లో ఆ చైర్మన్ ఒక్కడే. ముద్ద సరిపోని రోజున బన్నుల ట్రే, షెడ్డు, గోడ. స్పీకరులో నా తిట్లు విన్నాక, సంగతి నాకు తెలిసిపోయిందనుకుని వణికిపోయి విసరడం మానేసింది. మెత్తటి మాటలు విన్నాక, తెలియలేదని ధైర్యం వచ్చి మళ్లీ మొదలుపెట్టింది.

నా నోటికి భయపడింది ఏనుగు కాదు వదినా, మన పిల్ల.

వెనక నిలబడితే దానికి చెయ్యి ఆడదని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. చదివాను. చదివి ఆల్బం విప్పుకుని నా చెవి చూసుకుంటూ కూర్చున్నాను. ఆ పూట పిల్లని దగ్గరకు తీసుకున్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆ మర్నాటి నుంచి అది పిండి కలుపుతుంటే నేను ముందు కౌంటరులో కూర్చుంటున్నాను. ఇవాళ్టి ముద్ద పొంగింది. కొంచెం ఉప్పు ఎక్కువే, అయినా పొంగింది. చెడిన పిండి ఇప్పుడు మూతా గొళ్లెం ఉన్న డ్రమ్ములోకి పోతోంది. చైర్మన్‌గారు వరసగా రెండు సాయంత్రాలు వచ్చి, గోడను వాసన చూసి, నిరాశగా నిట్టూర్చి, తన పాత దారిన వెళ్లిపోయారు. ఆ దారికి అడ్డంగా ఉన్న షెడ్డును మళ్లీ కట్టించడం లేదు, గోడ కూడా లోపలికి జరుపుతున్నాం.

సోమవారం పెన్ను తీసే ముందు మీరే వచ్చి చూడండి. ఆ తరవాత మూసెయ్యమంటే తాళం నేనే వేస్తాను.

ఊరందరికీ కొత్త రికార్డింగు ఇచ్చేశాను. ఒక్కటే వాక్యం: "ఎవరే అది, గోడ అవతల పారేసింది?" మీ టెక్నీషియన్ తన జేబులో ఉన్న తొక్కలు కూడా తీసి డబ్బాలో వేశాడు. పేర్లు లేవు, ఫొటో ప్రస్తావన లేదు. అన్నయ్యగారికి నిరాశ తప్పదు.

మీ వదిన

తా.క.: టెక్నీషియన్ తీసిన ఫొటో జత చేస్తున్నాను. నేనూ మీ అమ్మాయీ పిండి చేతులతో ఉన్నాం, మధ్యలో మీకు చోటు వదిలాం. నేను పూర్తిగా పడ్డాను, రెండు చెవులతో సహా. వెనక కిటికీ అంచున బూడిద రంగులో కనిపించేది మీరు అనుకుంటున్నట్టు కర్టెను కాదు. ఏమీ దొరక్క తన దారిన పోతున్న చైర్మన్‌గారు. చెవి ఒక్కటే పడింది. పాపం, ఆ బాధ నాకు తెలుసు.